టీవీని స్టీరియోకి కలిపాక మాటలు తేటగా వినిపించాలంటే

ఇంట్లో మంచి స్టీరియో యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉన్నవాళ్లు టీవీని దానికి కలుపుకోవడం మంచి ఆలోచన. ఇప్పటి టీవీలు ఎంత పలచగా వస్తున్నాయంటే చాలావాటి స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, గోడకి తగిలి వచ్చిన శబ్దమే మన చెవిదాకా వస్తుంది. అయితే కలిపిన రోజు సాయంత్రమే చాలామందికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పాటలు అదిరిపోతాయి, ఫైట్లకి కిటికీ అద్దాలు కదులుతాయి, కానీ మంచం మీద నుంచి అమ్మ పాత్ర కొడుకుతో చెప్పే నాలుగు ముక్కలు ఎవరికీ అర్థం కావు. ఇక రిమోట్ పట్టుకుని మాటలొస్తే పెంచడం, పాటొస్తే తగ్గించడం.

దీనికోసం వెంటనే సౌండ్‌బార్ కొనకండి. ముందు ఇంట్లో ఉన్నదాన్ని సరిచేయండి, అందులో చాలా పనులకి పైసా ఖర్చు లేదు. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి, లేకపోతే ట్రెబుల్ (సన్నని శబ్దాలని పెంచే, తగ్గించే) నాబ్ తిప్పుతూ వారాలు గడిచిపోతాయి.

మొదట ఈ చిన్న పరీక్ష చేయండి. ఒక్కరే కూర్చుని వార్తలు చదివే బులెటిన్ ఏదైనా పెట్టండి (నలుగురు ఒకేసారి అరిచే చర్చ వద్దు), మామూలుగా కూర్చునే చోటే కూర్చుని కళ్లు మూసుకుని వినండి. వార్తలు తేటగా ఉండి సినిమాలు, సిరీస్‌లు మాత్రమే మసకగా ఉన్నాయంటే లోపం టీవీ నుంచి వచ్చే సౌండ్‌లో ఉంది, అంటే సెట్టింగులు చూడాలి. వార్తలు కూడా ముద్దగా, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటే వైర్లు, స్పీకర్ల స్థానం, గది చూడాలి. చాలా ఇళ్లలో రెండూ కొంచెం కొంచెం ఉంటాయి, అయినా ఏది ఎక్కువో ఈ పరీక్షతో తెలిసిపోతుంది.

ఇంకో విషయం ముందే పట్టుకోవాలి. మాట గట్టిగా వినిపించినంత మాత్రాన తేటగా వినిపించినట్టు కాదు. పాలు, కాలు, తాలు, చాలు అని ఎవరైనా అంటే ఆ నాలుగింటిలోనూ 'ఆలు' అన్న భాగం దిట్టంగానే వినిపిస్తుంది, ఏది అన్నారో తేల్చేది ముందున్న హల్లు. శబ్దం ఎంత సన్నదో హెర్ట్జ్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపు ఉంటుంది. స, శ, ష, చ, త, ట లాంటి హల్లులని గుర్తుపట్టించే సన్నని శబ్దం 2000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, పైగా అది చాలా బలహీనంగా ఉంటుంది. వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి, కిందున్న బాస్ కూడా పెరుగుతుంది. గట్టి బాస్ శబ్దం తన పైనున్న సన్నని శబ్దాలని కప్పేయడం మన చెవి స్వభావం. అందుకే పెంచినకొద్దీ ఇల్లు మోగుతుందే తప్ప మాట విడిపడదు. కింద చెప్పేవన్నీ ఏదో ఒక రకంగా ఆ హల్లులని కాపాడుకోవడానికే.

టీవీ, బాక్స్ సెట్టింగులు

సినిమాలు, ఓటీటీ సిరీస్‌లు ఎక్కువగా 5.1లో, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బాస్ స్పీకర్) కోసం మిక్స్ అయి వస్తాయి. అందులో సంభాషణ దాదాపు అంతా మధ్యనుండే సెంటర్ స్పీకర్‌కి ఇస్తారు, సంగీతం, ఎఫెక్టులు చుట్టూ ఉన్నవాటికి పంచుతారు. మీ దగ్గర ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి ఆ సెంటర్‌ని 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమకీ కుడికీ సమానంగా కలుపుతారు, వెనక స్పీకర్ల శబ్దం కూడా తెచ్చి అదే రెండింటిలో పోస్తారు. అక్కడ మాటకి సొంత గది ఉండేది, ఇక్కడ ఇంటిల్లిపాదితో కలిసి ఒకే గదిలో సర్దుకోవాలి. కాబట్టి ఈ కలపడం సరిగ్గా జరిగేలా చూసుకోవడమే మొదటి పని.

టీవీ సెట్టింగుల్లో సౌండ్‌లోకి వెళ్లి డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్ అనేదాన్ని పీసీఎంకి (మామూలు స్టీరియోకి సరిపడే రూపం) మార్చండి. బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ, డాల్బీ అని ఉంటే అది 5.1ని విడదీసే హోమ్ థియేటర్ రిసీవర్లున్న వాళ్లకి, మామూలు స్టీరియోకి కాదు. ఆటో అని వదిలేసినా కొన్నిసార్లు తప్పుగా ఎంచుకుంటుంది. సెట్‌టాప్ బాక్స్, స్ట్రీమింగ్ స్టిక్ ఉంటే వాటి మెనూలో కూడా విడిగా స్టీరియో లేదా పీసీఎం పెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. సంగీతం నిండుగా వస్తూ మాటలు మాత్రం ఎక్కడో దూరంగా ప్రతిధ్వనిలా వినిపిస్తుంటే, 5.1లోని ఎడమ, కుడి ఛానెళ్లు మాత్రమే మీకు అందుతున్నాయి, సెంటర్ మొత్తం ఎక్కడో రాలిపోయింది అని అర్థం. ఆ పరిస్థితిలో ఎన్ని నాబ్‌లు తిప్పినా లాభం లేదు, సెట్టింగే మార్చాలి. చవక 5.1 సెట్లలో కూడా ఇదే జరుగుతుంది. వెనకున్న ఆరు పిన్నుల ఏసీ-3 ఇన్‌పుట్‌లో ముందు రెండు పిన్నులే పెట్టి, రిమోట్‌లో ఏసీ-3 ఎంచుకుంటే సెంటర్ స్పీకర్ మూగపోతుంది. రెండు పిన్నులున్న మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌కి మార్చండి, తర్వాత రిమోట్‌లో సెంటర్ లెవెల్ కొంచెం పెంచండి.

యాప్‌లో ఆడియో ట్రాకులు ఒక్కసారైనా తెరిచి చూడండి. ఒకే భాషకి 5.1, స్టీరియో రెండూ ఉంటే స్టీరియో ఎంచుకోండి. ప్రైమ్ వీడియోలో 2023 నుంచి కొన్ని టైటిళ్లకి డైలాగ్ బూస్ట్ అని ట్రాక్ ఉంటోంది, అది మాటని విడిగా పైకి తెస్తుంది కాబట్టి దొరికిన చోటల్లా వాడుకోవాల్సిందే. యాపిల్ టీవీ బాక్సులో ఎన్‌హాన్స్ డైలాగ్, రెడ్యూస్ లౌడ్ సౌండ్స్ అని రెండున్నాయి. కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ యాప్ వాడేవాళ్లకి 5.1ని స్టీరియోకి దించేటప్పుడు సెంటర్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్ ఉంది. నా లెక్కలో అన్నిటికన్నా సరైన పరిష్కారం అదే, ఎందుకంటే కలిపేశాక విడదీయడం కష్టం, కలపకముందు పెంచడం తేలిక.

నైట్ మోడ్ గురించి కాస్త చెప్పాలి. థియేటర్ మిక్స్‌లో తెర వైపున్న ఒక్కో స్పీకర్ రిఫరెన్స్ (ప్రామాణిక స్థాయి) 85 డెసిబెల్స్, అక్కడి నుంచి ఇంకో 20 డెసిబెల్స్ పైకి వెళ్లే వీలు పెట్టుకుంటారు. పెద్ద హాలు, నిశ్శబ్దం, దిట్టమైన యాంప్లిఫయర్లు ఉన్నచోట అది అద్భుతంగా ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతూ, పక్క గదిలో పిల్లలు చదువుకుంటున్న ఇంట్లో ఆ తేడానే మనకి శత్రువు. నైట్ మోడ్, ఆటో వాల్యూమ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఏ పేరుతో ఉన్నా అది చేసే పని పెద్ద శబ్దాలని నొక్కి చిన్నవాటిని లేపడం. సౌండ్ ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు, నేను మాత్రం రాత్రి పది దాటాక నిశ్చింతగా ఆన్ చేసుకోమంటాను. పాటలు వినేటప్పుడు తీసేస్తే సరి.

ఇక టీవీలో క్లియర్ వాయిస్ లాంటి మోడ్‌లు. చాలా టీవీల్లో ఇవి లోపలి స్పీకర్లకే పనిచేస్తాయి, ఆప్టికల్‌కి వెళ్లే సౌండ్‌ని ముట్టుకోవు. మాట నడుస్తుండగా ఆన్, ఆఫ్ చేసి వినండి, తేడా తెలియకపోతే దాన్ని వదిలేయండి. వర్చువల్ సరౌండ్, 3డీ, కాన్సర్ట్ హాల్ లాంటివి మాత్రం ఆఫ్ చేసేయండి. అవి మధ్యలో నిలవాల్సిన మాటని తీసుకెళ్లి గది అంతా చల్లుతాయి.

వైర్లు

టీవీకి ఆప్టికల్ సాకెట్ (సౌండ్‌ని వెలుగు రూపంలో పంపేది) ఉంటే చిన్న డాక్ (DAC, డిజిటల్ సౌండ్‌ని మామూలు సౌండ్‌గా మార్చే డబ్బా) ఒకటి కొని దాన్నుంచి ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు పిన్నుల) వైర్లతో స్టీరియోకి ఇవ్వడం మంచి దారి. ఆప్టికల్‌లో కరెంటు వైరు ఉండదు కాబట్టి కేబుల్ లేదా డిష్ వైరు ద్వారా వచ్చే 'మ్‌మ్‌మ్' అనే హమ్ అటునుంచి దాటి రాలేదు. ఆ హమ్ సన్నగా ఉన్నా మాట కింద పరుచుకుని అలసట తెప్పిస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసుకుంటే టీవీ వాల్యూమ్‌ని ముప్పాతిక దగ్గర నిలిపి ఇక మీదట యాంప్లిఫయర్‌లోనే పెంచడం, తగ్గించడం చేయండి. సెట్‌టాప్ బాక్స్ వాల్యూమ్ కూడా పూర్తిగా పైకి ఉంచండి. మొదట్లో తగ్గించి చివర్లో పెంచితే మాటతోపాటు వైర్లలోని రొద కూడా పెరుగుతుంది.

బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, పెదవులు ఒకటి చెబుతుంటే చెవిలో ఇంకోటి పడుతుంది. మనం తెలియకుండానే పెదవులు చూసి సగం మాటలు అర్థం చేసుకుంటాం, ఆ సాయం పోతే తేటగా ఉన్న మాట కూడా అయోమయంగా అనిపిస్తుంది. వైరుతో కలిపినా కొంచెం తేడా కనిపిస్తే టీవీలో ఆడియో డిలే సెట్టింగ్ చూడండి.

వైర్లలో చూడాల్సిన అతి ముఖ్యమైనది ఎరుపు, నలుపు. రెండు స్పీకర్లకీ ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్లాలి. ఒక్క స్పీకర్‌కి తారుమారైనా పాటలు ఏదోలా నడిచిపోతాయి, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. కానీ రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉండే మాట ఒకదాన్నొకటి కొట్టేసుకుని బోలుగా, ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా అయిపోతుంది. వార్తల పరీక్షలో గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నుంచి రావాలి. రాకపోతే యాంప్ ఆఫ్ చేసి, ఒక్క స్పీకర్‌కి మాత్రమే వైర్లు మార్చి మళ్లీ వినండి. ఎలా ఉన్నప్పుడు గొంతు మధ్యలో నిలిచి, బాస్ కూడా నిండుగా ఉందో అదే సరైనది.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి

నా దృష్టిలో అసలు మార్పు వచ్చేది ఇక్కడే, జనం అస్సలు చూడనిది కూడా ఇదే. మన హాల్లో స్పీకర్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి చేరతాయి. ఒకటి షోకేస్‌లో బొమ్మల వెనక, ఇంకోటి మూలన నేల మీద, పైన పూలకుండీ. షోకేస్ అరలో పెట్టిన స్పీకర్ ఆ చెక్క డబ్బాతో కలిసి మోగుతుంది, 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉబ్బిపోయి గొంతు బొంగురుగా తయారవుతుంది. మూలన నేలమీద ఉన్నదానికి బాస్ ఇంకా పెరుగుతుంది, పైగా హల్లులు పలికే చిన్న ట్వీటర్ మీ మోకాళ్లకి పాడుతుంది. సన్నని శబ్దాలు టార్చి వెలుగులా నేరుగా వెళ్తాయి, అడ్డం వస్తే ఆగిపోతాయి.

కాబట్టి రెండు స్పీకర్లనీ టీవీకి అటూ ఇటూ, టీవీ నుంచి సమాన దూరంలో పెట్టండి. ట్వీటర్ మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి రావాలి, స్టాండు లేకపోతే గట్టి స్టూలు చాలు. అరలోనే పెట్టక తప్పకపోతే స్పీకర్ ముఖాన్ని అర అంచుదాకా, కుదిరితే కాస్త బయటికి లాగండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో ప్రతి స్పీకర్ నుంచి మీకూ దాదాపు అంతే దూరం ఉండాలి, ఆరడుగుల ఎడం ఉంటే ఆరేడు అడుగుల్లో కూర్చోవాలి. స్పీకర్లని మీవైపు తిప్పండి.

సోఫాకి ఓ చివర కూర్చునేవాళ్లకి మాట దగ్గరున్న స్పీకర్ నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ముందు ఏ వైపు శబ్దం చేరితే చెవి దాన్నే నమ్ముతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. స్పీకర్లని ఇంకాస్త లోపలికి తిప్పి, వాటి చూపులు మధ్యలో కూర్చున్నవాళ్లకి ఒకటిన్నర, రెండడుగుల ముందే కలుసుకునేలా పెట్టండి. అప్పుడు ఎడమ చివరన ఉన్నవాళ్లకి దగ్గరి స్పీకర్ పక్కకి చూస్తూ కొంచెం తగ్గుతుంది, దూరపుది నేరుగా చూస్తూ కొంచెం పెరుగుతుంది, మాట కాస్త మధ్యకి జరుగుతుంది.

ఇంత చేసినా రెండు స్పీకర్ల స్టీరియోలో మధ్య గొంతుకి ఒక పుట్టు లోపం ఉంది. నిజమైన సెంటర్ స్పీకర్ లేదు కాబట్టి ఒకే గొంతు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికి చేరాక, తల చుట్టి కుడి చెవికి చేరడానికి సెకనులో నాలుగువేల వంతు దాకా ఆలస్యమవుతుంది, అటునుంచి కూడా అంతే. ఆ ఆలస్యం వల్ల సరిగ్గా 2000 హెర్ట్జ్ పరిసరాల్లో శబ్దాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. హల్లులకి అవసరమైన చోటే గుంట పడుతుందన్నమాట. ఖరీదైన స్పీకర్లకీ ఇది తప్పదు.

సీరియళ్లు, వార్తలు మాత్రమే ఎక్కువగా చూసే ఇంట్లో దీనికి ఒక తేలికైన దారి ఉంది. పాత యాంప్లిఫయర్లలో మోనో బటన్ ఉంటుంది. అది నొక్కి, బ్యాలెన్స్ నాబ్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఆ పక్క స్పీకర్‌ని తెచ్చి టీవీ కిందో పైనో పెట్టండి. ఒక్కటే స్పీకర్, బొమ్మ ఉన్నచోట నుంచే మాట, ఏ మూల కూర్చున్నా అదే తేట. చాలా యాంప్‌లలో ఇది పనిచేస్తుంది, పాత ఇళ్లలో పెద్దవాళ్లకి నేను మొదట సూచించేది ఇదే. మోనో బటన్ లేదని రెండు ఛానెళ్ల స్పీకర్ వైర్లు మాత్రం ఎప్పుడూ కలిపి మెలితిప్పకండి, యాంప్లిఫయర్ కాలిపోతుంది. మోనో కావాలంటే టీవీ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఉందేమో చూడండి.

గది, ఫ్యాను

కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు, నాలుగు పక్కలా సున్నం గోడలు, ముందు గాజు టీపాయ్. ఇలాంటి హాల్లో చప్పట్లు కొడితే 'టప్' తర్వాత సన్నగా ఓ తోక వినిపిస్తుంది. ప్రతి మాటకీ అదే తోక ఉంటుంది, ముందు మాట తోక వెనక మాట హల్లు మీద పడుతుంది. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేలమీద ఏదైనా మందపాటిది పరవండి. వరంగల్ జంబుఖానాలకి 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, మందపాటి నూలుది ఒకటి వేస్తే గది అందం, మాట తేట రెండూ పెరుగుతాయి. కిటికీకి పలచని తెర బదులు బరువైన కర్టెన్, సోఫా వెనక గోడకి పుస్తకాల అర, ఇవి చాలు. గోడలకి స్పాంజి ముక్కలు అంటించాల్సిన పని లేదు.

ఫ్యాన్ ఐదులో ఉంటే దాని 'హుష్' శబ్దం సరిగ్గా స, శ, ష ఉండే చోటే ఉంటుంది. మూడుకి తగ్గించండి. కూలర్ అయితే దాని ముఖం ఇంకో గదివైపు ఉండాలి. అన్నిటికన్నా తేలికైనది, ఒక కుర్చీ ముందుకి జరిపి కూర్చోవడం. దగ్గరికి వచ్చేకొద్దీ స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం పెరుగుతుంది, గోడల నుంచి తిరిగొచ్చేది అంతే ఉంటుంది.

నాబ్‌లు చివర్లో

పైవన్నీ అయ్యాకే వీటి జోలికి రండి. లౌడ్‌నెస్ బటన్ ఆఫ్. బాస్‌ని మధ్య నుంచి ఎడమకి, గడియారం ముల్లు పదింటి దగ్గరికి. ట్రెబుల్ కొంచెం కుడికి, ఒంటి గంట దాటనివ్వకండి. సబ్‌వూఫర్ ఉంటే దాని వాల్యూమ్ సగానికి తగ్గించి, మూలనుంచి బయటికి జరపండి. ఈక్వలైజర్ ఉన్నవాళ్లు 250 హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ దించి, 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య అంతే లేపండి, ఇందాక చెప్పిన గుంట కొంత పూడుతుంది. అంతకన్నా పైకి లాగితే స, శ ఈల వేసినట్టు గుచ్చుకుంటాయి, అరగంటకి తలనొప్పి వస్తుంది. మార్చిన ప్రతిసారీ అదే వార్తల గొంతుతో పోల్చండి, పాటతో కాదు, పాటకి ఎప్పుడూ ఎక్కువ బాసే బాగుంటుంది.

ఇంట్లో అందరికీ బాగానే వినిపిస్తూ అమ్మకో తాతయ్యకో మాత్రం అర్థం కాకపోతే అది స్టీరియో సంగతి కాదు. వయసుతోపాటు ముందు తగ్గేది సన్నని శబ్దాలే, అంటే మళ్లీ హల్లులే. 60 దాటినవాళ్లలో పావు వంతు కన్నా ఎక్కువమందికి ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'వినిపిస్తోంది గానీ ఏమన్నారో తెలియట్లేదు' అని వాళ్లంటే విసుక్కోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, ఒక్కోసారి చెవిలో గులిమి గట్టిపడి ఉంటుంది, తీసేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఈలోగా సబ్‌టైటిల్స్ పెట్టండి. నెట్‌ఫ్లిక్స్‌లో 2025 నుంచి 'తలుపు చప్పుడు' లాంటి వర్ణనలు లేకుండా మాటలు మాత్రమే చూపించే సబ్‌టైటిల్స్ కూడా వస్తున్నాయి.

వాళ్లకి విడిగా వైర్‌లెస్ హెడ్‌ఫోన్ గానీ, వినికిడి యంత్రానికి టీవీ సౌండ్ పంపే స్ట్రీమర్ గానీ ఇవ్వాలనుకుంటే పాత యాంప్లిఫయర్ వెనక టేప్ అవుట్ లేదా రెక్ అవుట్ అని రెండు పిన్నులు ఖాళీగా ఉంటాయి, దాన్ని అక్కడ గుచ్చండి. ఆ పిన్నులకి యాంప్ వాల్యూమ్ నాబ్‌తో సంబంధం లేదు. హాల్లో మీరు ఎంత తగ్గించుకున్నా తాతయ్య తనకి కావలసినంత తనే పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్ కొనేటప్పుడు మాత్రం బ్లూటూత్‌ది కాకుండా టీవీ కోసమని బేస్ స్టేషన్‌తో వచ్చే ఆర్‌ఎఫ్ రకం తీసుకోండి, పెదవులకీ మాటకీ తేడా రాదు.